జాజికాయ మీద గీత

సాయంత్రం నేను బస్సు దిగి ఇంట్లోకి అడుగు పెట్టగానే నా కూతురు చేసే మొదటి పని నోరు తెరవడం. ఏడవదు, నవ్వదు, చేతులు చాచదు. తల కాస్త పైకెత్తి, నోరు బాగా తెరిచి, అలాగే ఉండిపోతుంది. చూసినవాళ్ళు ముద్దు పెట్టమంటోంది అనుకుంటారు. వీధిలో ఆడవాళ్ళయితే "అమ్మంటే ఎంత పానమో చూడు" అని మురిసిపోతారు కూడా. ముద్దూ కాదు, పాడూ కాదు. అది నేను చేసిన అలవాటు. రోజూ దాని నోటి దగ్గర ముక్కు పెట్టి, నేను లేనప్పుడు ఎవరు ఏం పెట్టారో వాసన చూసేదాన్ని. మాటలు రాకముందే పిల్ల ఆ సంగతి పట్టేసింది. అమ్మ వచ్చిందంటే సోదా ఇవ్వాలి అనుకుంది.

నన్ను తిట్టుకునే ముందు మా అమ్మ సంగతి వినండి.

మా అమ్మది చాకవేలు అనే పల్లె. ఆమెకు లోకంలో నమ్మకమైన వస్తువు ఒక్కటే, తన ముక్కు. పాలు కాచే ముందు వాసన, కాచిన తర్వాత వాసన. చుట్టాలింట్లో మంచినీళ్ళ చెంబు చేతికిస్తే లోపలికి తొంగి చూసి, ముక్కు దాకా తెచ్చి, అప్పుడు గొంతులో పోసుకునేది. ఇచ్చినవాళ్ళ మొహం మాడిపోయినా ఆమెకు పట్టేది కాదు. గుడి నుంచి వచ్చిన ప్రసాదానికీ, మా నాన్న సంతలో కొన్న బెల్లానికీ ఒకటే న్యాయం. "దేవుడి పేరు పెడితే మాత్రం, చేసినోళ్ళు మనుషులే గదమ్మే" అనేది. స్కూల్లో ఎవరైనా పుట్టినరోజని చాక్లెట్ ఇస్తే నేను తినకుండా ఇంటికి తెచ్చి ఆమె చేతిలో పెట్టాలి. కాగితం విప్పి, వాసన చూసి, చాలాసార్లు తానే నోట్లో వేసుకునేది. "బాగుండాది. అయినా నీకొద్దు" అనేది.

అలాంటి మనిషికి ఒకసారి అదృష్టం కలిసొచ్చింది. దగ్గరి బంధువుల పెళ్ళిలో భోజనాల చివర మజ్జిగ పోస్తున్నారు. మా అమ్మ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, మా నాన్న చేతిలోది లాక్కుని, నా చేతిలోది విస్తరి పక్కన ఒంపేసింది. వడ్డించే ఆయన "ఏమమ్మా, మా మజ్జిగ దోషమా?" అని అడిగితే, "దోషమో కాదో రేపు చెప్తా లేప్పా" అంది. తెల్లారేసరికి పెళ్ళికొడుకుతో సహా సగం పెళ్ళి చెంబులు పట్టుకుని పరుగెత్తింది. మేము ముగ్గురం మాత్రం నిమ్మళంగా ఉన్నాం. ఆ తర్వాత ఇక మా అమ్మను ఎవరు ఆపగలరు? ఏ మాటకైనా ఆ మజ్జిగను సాక్ష్యం తెచ్చేది. నేనూ నమ్మాను. అనుమానం పెనుభూతం అని లోకం అంటుంది గానీ, మా ఇంట్లో అది కాపలా కుక్క.

కాబట్టి నేను పెరిగి పెద్దయి చిక్కబళ్ళాపురలో ఒక ల్యాబులో పనికి చేరడంలో వింతేమీ లేదు. మనిషి చెప్పేది కాదు, రక్తం చెప్పేది వినడం అక్కడ పని. "నాకు షుగర్ లేదమ్మా, తీపే తినను" అనేవాళ్ళను చూసి లోపల నవ్వుకుంటూ సూది పెట్టేదాన్ని.

నన్ను చింతామణికి ఇచ్చి పెళ్ళి చేశారు. మా ఆయనకు బజారులో కిరాణా అంగడి. మా మామ లేరు. ఇంట్లో అత్త ఒక్కతే పెద్ద దిక్కు. మా అత్తది మా అమ్మకు పూర్తిగా తిరగేసిన స్వభావం. ఆ ఇంటి తలుపుకు గొళ్ళెం ఉందని నాకు చాలా రోజుల దాకా తెలియదు. మధ్యాహ్నమైతే వీధిలో ఆడవాళ్ళంతా మా వసారాలో చేరి చింతపండుకు గింజలు తీస్తూ మాట్లాడుకుంటారు. ఎవరి పిల్లలు ఎవరి ఒళ్ళో ఉన్నారో లెక్క ఉండదు. ఎవరో ఏదో తెస్తారు, ఎవరో తింటారు. పెళ్ళయిన కొత్తలో నేను ఒక చక్కిలం తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటే, మా అత్త చూసి, "పళ్ళతో తినేదమ్మా అది" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

కాన్పుకు పుట్టింటికి వచ్చాను. అప్పటికి మా అమ్మానాన్నలు చాకవేలు విడిచి బాగేపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. ఆడపిల్ల పుట్టింది. నీళ్ళు పోయడానికి వచ్చిన ముసలమ్మను మా అమ్మ మొదటిరోజే పంపించేసింది. "ఆమె ఎంతమంది బిడ్డల్ని తాకొచ్చిందో" అంది. తానే కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసేది, సాంబ్రాణి పట్టేది. ఆ తర్వాత ఉగ్గు. వస, కరక్కాయ, మాచికాయ, పసుపుకొమ్ము, జాజికాయ ఒక్కొక్కటిగా సానరాయి మీద నా పాలతో అరగదీసి, ఆ గంధాన్ని ఉగ్గుగిన్నెలో కలిపి బిడ్డకు తాగించేది. మా వైపు అందరూ చేసేదే. తాగిన తర్వాత బిడ్డ చక్కగా నిద్రపోయేది. మా అమ్మ చేతి మహిమ అనుకుని, నేనూ హాయిగా పడుకునేదాన్ని.

అయిదో నెలలో చింతామణికి బయలుదేరేటప్పుడు మా అమ్మ ఆ కొమ్ములన్నీ గుడ్డసంచిలో కట్టి ఇచ్చింది. జాజికాయను మాత్రం విడిగా తీసి నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ఇది నీ దగ్గరే పెట్టుకోవల్ల. మీ అత్త చేతికి పోనీయద్దు."

"ఎందుకు మా?"

"రాయి మీద రెండు చుట్లు ఎక్కువ తిప్పితే బిడ్డ పొద్దు మునిగేదాకా లెయ్యదు. పనుండే ఆడది ఏమన్నా చేస్తాదమ్మే. ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడు."

ఆ మాట విత్తనంలా నాలో పడింది. నేల ఎప్పటి నుంచో దున్ని ఉంది కదా.

చింతామణిలో బిడ్డ మొదటి రోజుల్లో నిద్రపోలేదు. పగలూ రాత్రీ ఒకటే ఏడుపు. కొత్త చోటు కదా అన్నారు. కొన్నాళ్ళకు నా కాన్పు రజా అయిపోయింది. మళ్ళీ పనికి పోవాలి. పొద్దున్నే చిక్కబళ్ళాపుర బస్సెక్కితే మళ్ళీ ఇల్లు చేరేది దీపాలు పెట్టే వేళకే. అంతసేపూ బిడ్డ ఉండేది అత్త చేతిలో. ఆ ఇంట్లో నేను ఎవరికీ చెప్పని సంకటం అదే. ఉద్యోగం మానలేను, మానాలనీ లేదు. అలాగని నా బిడ్డను నేను నమ్మని చేతిలో పెట్టి ఎలా పోను?

సరిగ్గా నేను పనికి పోవడం మొదలుపెట్టాకే బిడ్డ పగలు నిద్రపోవడం మొదలుపెట్టింది. సాయంత్రం నేను వచ్చేసరికి ఉయ్యాలలో అలాగే పడుకుని ఉండేది. లేపితే మత్తుగా చూసేది. ఇక రాత్రంతా జాగారమే. "మధ్యాన్నం నుంచి నిద్రపోతాండాదమ్మా, ఏమీ ఇబ్బంది పెట్టలే" అని మా అత్త సంతోషంగా చెబుతుంటే నాకు లోపల గంట మోగేది. అంతమంది ఆడవాళ్ళు వసారాలో కూర్చుని మాట్లాడుతుంటే పిల్ల ఎలా నిద్రపోతుంది? మొన్నటిదాకా ఆకు కదిలితే లేచిన పిల్లేనా ఇది?

అప్పటి నుంచి మొదలైంది ఆ వాసన చూడడం. చెప్పులు విప్పీ విప్పకముందే ఉయ్యాల మీదికి వంగి, వేలితో బిడ్డ కింది పెదవి కొంచెం లాగి ముక్కు పెట్టేదాన్ని. ఒకరోజు పాలవాసన. ఒకరోజు అరటిపండు. ఒకరోజు ఏదో ఘాటు. జాజికాయేనా? చింతపండా? వసారాలో ఉన్న ఏ పుణ్యాత్మురాలైనా పులుపు నాకించిందా? తెలిసేది కాదు. మెలకువగా ఉంటే బిడ్డ నన్ను చూడగానే తానే నోరు తెరవడం మొదలుపెట్టింది. మా అత్త గడప దగ్గర నిలబడి చూసేది. "అమ్మకు ముద్దు పెట్టల్లంట" అనేది. ఆ మాట మామూలుగా అంటోందో, నన్ను పొడుస్తోందో నాకు అర్థమయ్యేది కాదు. అందుకే ఆమె మొహం కూడా పరీక్షగా చూసేదాన్ని.

జాజికాయ నేను దాచుకోలేదు. దాస్తే దొంగ దొరకదు కదా. వంటింట్లో సానరాయి పక్కనే డబ్బాలో పెట్టాను. అప్పటికి బిడ్డకు పలచగా కాచిన రాగిసరి పెడుతున్నాం, ఉగ్గు మానేశాం. అంటే ఆ జాజికాయతో ఇంట్లో ఎవరికీ పని లేదు. బ్లేడు తీసుకుని, అరిగిన చోటికి కొంచెం పైన సన్నగా ఒక గీత గీశాను. ల్యాబులో సీసా మీద గీత ఉంటుంది చూడండి, అలా. నా తెలివికి నేనే మురిసిపోయాను. కొన్ని రోజులు చూశాను. గీత సగం పోయింది. ఇంకొన్ని రోజులకు గీతే లేదు.

నా భర్తకు చెప్పాను. ఆయన అంగడి లెక్కల్లో తల దూర్చి, "అమ్మ అట్లా చేయదులే" అన్నారు. ఆ "లే" నాకు సరిపోలేదు.

ఒకరోజు ల్యాబులో కరెంటు పోయి మిషన్లు ఆగిపోయాయి. మధ్యాహ్నానికే ఇంటికి పంపించేశారు. నా గుండె బస్సు కంటే ముందు పరుగెత్తింది. వీధి మలుపులోనే చింతపండు వాసన, నవ్వులు. వసారాలో అందరూ ఉన్నారు. బిడ్డ మా అత్త ఒళ్ళో ఆదమరిచి నిద్రపోతోంది. నేను ఎవరినీ పలకరించకుండా నేరుగా వంటింట్లోకి పోయాను. సానరాయి తడిగా ఉంది. దాని మీద గోధుమరంగు గంధం. వాసన చూడక్కర్లేకుండానే జాజికాయ.

రాయి చేత్తో పట్టుకుని వసారాలోకి వచ్చాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆరోజు ఊరందరికీ కనబడింది.

"అత్తా, బిడ్డకు జాజికాయ పెడతాండావా?"

చింతపండు చేతులన్నీ ఆగిపోయాయి. మా అత్త నా వైపు చూసింది, రాయి వైపు చూసింది. కొంగు తలమీది నుంచి కొంచెం వెనక్కి జరిపింది. నుదురంతా గోధుమరంగు పట్టు, ఎండి పగుళ్ళు వచ్చి ఉంది.

"తలకాయి నొప్పమ్మా" అంది. "మధ్యాన్నమైతే పగిలిపోతాది. పూసుకుంటే కొంచెం తగ్గుతాది. నువ్వొచ్చేలోపల కడుక్కుంటాండా. చూస్తే నీ ల్యాబుకు ఎత్తుకోని పోతావని."

ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేను తగ్గలేదు. ఆ నుదురు చూశాను సరే. కానీ నుదుటికి పూసుకునే చేయి, అదే వేలితో నోటికి పూయదని ఏం నమ్మకం? అంత జాజికాయ ఒక్క నుదుటికే అరిగిపోతుందా? ఇవన్నీ పైకి అనలేదు. అనకపోయినా నా మొహంలో రాసి ఉన్నాయేమో. మా అత్త నిద్రపోతున్న బిడ్డను మెల్లగా ఎత్తి నా చేతుల్లో పెట్టింది.

"అనుమానం పెట్టుకోని ఇచ్చే బిడ్డను నేను పట్టుకోలేనమ్మా. రేపు దగ్గొచ్చినా, జొరమొచ్చినా నా చెయ్యే అంటావు. మీ అమ్మ దగ్గర పెట్టు. నిమ్మళంగా పనికి పో."

అరవలేదు, ఏడవలేదు. మళ్ళీ కూర్చుని గింజలు తీయడం మొదలుపెట్టింది. ఆ నెమ్మదితనం కూడా నాకు అనుమానంగానే తోచింది.

ఆ వారమే బిడ్డను బాగేపల్లిలో వదిలాను. మా అమ్మ ఆనందం చెప్పలేను. "నేను ముందే చెప్పలేదామ్మే" అని ఆరోజు నుంచి ఎన్నిసార్లు అందో. నేను చింతామణి నుంచి ప్రతి ఆదివారం పోయి చూసొచ్చేదాన్ని. మిగిలిన రోజులు చింతామణిలో ఖాళీ ఉయ్యాల పక్కన పడుకునేదాన్ని. పాలు గడ్డకట్టి నొప్పి పుట్టేది. బాత్రూములో పిండి పారబోసి, బయటికొచ్చి మొహం కడుక్కునేదాన్ని. ఆ నొప్పి కూడా మా అత్త పుణ్యమే అనుకుని పళ్ళు కొరికేదాన్ని. ఆమె మాత్రం ఉయ్యాలను విప్పలేదు. రోజూ దులిపి గుడ్డ మార్చేది. ఎవరి కోసం అని అడగాలనిపించింది గానీ అడగలేదు.

బాగేపల్లిలో నేను బిడ్డ నోరు వాసన చూడలేదు. అక్కడ చూడాలన్న ఆలోచనే రాలేదు. మా అమ్మ ఇంట్లో ఇక అనుమానించడానికి ఏముంది? కుక్కకు కాపలా పెడతామా?

ఒక ఆదివారం మామూలు కంటే ముందు బస్సుకు పోయాను. మా అమ్మ పెరట్లో శెనక్కాయలు ఎండబోస్తోంది. బిడ్డ లోపల ఉయ్యాలలో ఉంది. అప్పుడే లేచినట్టుంది, కళ్ళు సగమే విప్పింది. నన్ను గుర్తుపట్టింది. గుర్తుపట్టి, తన అలవాటు ప్రకారం నోరు తెరిచింది.

ఆ మత్తు కళ్ళు, ఆ తెరిచిన నోరు చూసి నేను కూడా నా అలవాటు ప్రకారం వంగాను.

జాజికాయ. చింతామణిలో నేను వెతికి వెతికి ఒక్కసారి కూడా రూఢి చేసుకోలేకపోయిన వాసన, ఇక్కడ గుప్పుమంది. వంటింట్లోకి పోయాను. నీళ్ళ కడవ వెనక సానరాయి, దాని మీద అరిగిన కొత్త జాజికాయ.

పెరట్లోకి వచ్చి అడిగితే మా అమ్మ ఉలిక్కిపడనైనా లేదు. చేటలో శెనక్కాయలు చెరుగుతూనే చెప్పింది.

"మూడు చుట్లే. ఎక్కువ తిప్పలే. ఇంత పని ఎవరు చేస్తారమ్మే, మీ నాయన చేస్తాడా?"

"అత్త పెడితే విషమన్నావు కదా మా."

"ఆమె ఎన్ని చుట్లు తిప్పుతాదో నీకేం తెలుసు? నా చెయ్యి నాకు తెలుసు. నీకు పెట్టలేదా? నిన్ను చెట్టుకు ఉయ్యాల కట్టి అందులో ఏసి, పొద్దు వాలేదాకా శెనక్కాయ పెరికినా. బతికి బట్టకట్టినావా లేదా?"

నేను అక్కడే ఎండలో కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళూ ఎవరు ఏం పెడతారో అని లోకాన్నంతా వాసన చూసిన మనిషి, నా నోట్లో పెట్టింది తానే. పనున్న ఆడది ఏం చేస్తుందో ఆమెకు అంత బాగా ఎలా తెలుసని నేను ఎన్నడూ అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్న కథ చిన్నప్పుడు నాకు చెప్పింది కూడా ఆమే. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. ఎవరూ తోడు లేక పసిబిడ్డను మత్తులో పెట్టి చేనులోకి దిగిన ఆ పాతికేళ్ళ ఆడమనిషి మీద జాలి కూడా వచ్చింది. అదే నాకు నచ్చలేదు. బిడ్డ బట్టలు సంచిలో కుక్కుకుని సాయంత్రం బస్సుకే బయలుదేరాను. "మీ అత్త దగ్గర మాత్రం జాగ్రత్తమ్మే" అని మా అమ్మ బస్సు కిటికీ దగ్గరికొచ్చి చెప్పింది. నవ్వులాటకు కాదు, నిజంగానే అంది.

చింతామణిలో మా అత్త గడపలోనే కూర్చుని ఉంది. బిడ్డ ఆమెను చూడగానే నా చంకలోంచి దూకినంత పని చేసింది. ఆమె చేతులు చాచలేదు. నా మొహం వైపు చూస్తూ ఉండిపోయింది.

"జాజికాయ మా అమ్మే పెడతాండాది అత్తా. నాకూ పెట్టి చేన్లోకి పోయేదంట" అన్నాను. అంతకంటే క్షమాపణ నాకు చేతకాలేదు.

ఎత్తిపొడుస్తుందని కాచుకున్నాను.  ఆమె మాత్రం, "పాపం, పెట్టకపోతే ఆమెకు సేద్యం ఎట్ల జరుగుతాది అప్పుడు" అంది.

చూశారా, నా బుద్ధి ఎక్కడికి పోతుందో. అత్త అంత సులువుగా ఎలా అర్థం చేసుకుంది, తాను కూడా తన కొడుక్కు పెట్టిందేమో అని ఆ క్షణంలోనే నాకు తోచింది. నోరు అదుపులో పెట్టుకున్నాను.

"పట్టుకుంటా" అంది మా అత్త బిడ్డను చూస్తూ. "అయితే ఒకటి. బిడ్డ నోరు వాసన చూసేది మానుకోవల్ల. అది ముద్దని నేను ఊరందరికీ చెప్పుకుంటాండా. నాకు తెలీదనుకున్నావా?"

మానేశాను. నిజంగానే మానేశాను. చేతులు కట్టేసుకున్నట్టు ఉండేది మొదట్లో. పిల్ల మానలేదు. ఇప్పటికీ సాయంత్రం నన్ను చూస్తే నోరు తెరుస్తుంది. నేను బుగ్గ మీద ముద్దు పెడితే, రెండు చేతులతో నా మొహం పక్కకు నెట్టి మళ్ళీ తెరుస్తుంది. పని పూర్తి కాలేదని దాని లెక్క.

మొన్న అత్త వసారాలో కూర్చుని దానికి సంగటి తినిపిస్తోంది. ఇప్పుడు నడుస్తుంది కదా, ఒక్కచోట ఉండదు. చింతపండు గింజలతో ఆడుతూ, మధ్యమధ్యలో వచ్చి, చూడకుండానే నోరు తెరిచి, అత్త పెట్టింది మింగి పరుగెత్తుతోంది. నేను చేయి కడుక్కుని వచ్చి, "నేను పెడతా అత్తా" అని గిన్నె తీసుకున్నాను. చిన్న ముద్ద చేసి, పప్పులో అద్ది చాచాను.

పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి ఆగింది. ఒక్క చేత్తో నా మణికట్టు పట్టుకుంది. నా చేతిని తన ముక్కు దగ్గరికి తెచ్చుకుని, కళ్ళు చిన్నవి చేసి, అచ్చం నాలాగే, వాసన చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది. నోరు తెరవలేదు.

వసారాలో ఎవరూ నవ్వలేదు. నేను చేయి అలాగే చాపుకుని ఉన్నాను. మా అత్త నా వేళ్ళ మధ్య నుంచి ఆ ముద్ద తీసుకుని, సగం తాను తిని, "బాగుండాది, అమ్మ పెట్టిందే" అని మిగిలిన సగం దాని నోటికి అందించింది. అప్పుడు తినింది.